వ్యాన్ అడుగున తుప్పు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: పాత క్యాంపర్‌వ్యాన్ (లోపల పడుకుని, వండుకునే ఏర్పాటు ఉన్న వ్యాన్), దాని అడుగున తుప్పు. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు సెలవుల్లో తిరగడానికి పాత వ్యాన్లు కొనుక్కుంటున్నారు కాబట్టి ఉత్తరాలు అక్కడి నుంచే ఎక్కువ. విశాఖ నుంచి ఒకటి, అమెరికా నుంచి ఒకటి కూడా ఉన్నాయి. మొదటి జవాబు పొడుగైంది, మిగతావాళ్లు కూడా ముందు అదే చదవండి, చాలా సంగతులు అందులోనే చెప్పేశాను.

ప్రశ్న: నమస్కారం అండీ. మాది గుంటూరు, ఇప్పుడు లీడ్స్‌లో ఉంటున్నాం. ఈ మధ్యే 2001 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ టీ4 క్యాంపర్ కొన్నాం. అమ్మినాయన "కిందంతా కొత్తగా అండర్‌సీల్ (తుప్పు పట్టకుండా అడుగున వేసే పూత) వేయించాను, ఇక పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నిజంగానే నల్లగా నిగనిగలాడుతోంది. కానీ మా పక్కింటాయన అది చూసి పెదవి విరిచాడు. చలికాలం వచ్చేలోపు దాని మీద ఇంకో కోటు వేయించమంటారా? తారు రకం మంచిదా, వ్యాక్స్ (మైనం) రకం మంచిదా?

జవాబు: ఇంకో కోటు ఇప్పుడే వేయించకండి. ఉన్న కోటు కింద ఏముందో ముందు చూడండి. మీ పక్కింటాయన పెదవి విరిచాడంటే విషయం తెలిసినవాడే. అమ్మకానికి ముందు కొత్తగా వేసిన నల్ల పూత కనిపిస్తే అక్కడి మెకానిక్‌లకు మొదట వచ్చేది అనుమానమే, ఎందుకంటే మంచి రేకు మీద వేసినా, తుప్పు పొరల మీద వేసినా, పుట్టీ పెట్టి మూసిన చిల్లు మీద వేసినా పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది. మీకు అమ్మినాయన మోసం చేశాడని నేను అనడం లేదు. చాలామంది మంచి ఉద్దేశంతోనే పుండు కడక్కుండా కట్టు కట్టినట్టు ఈ పని చేస్తారు, లోపల మాత్రం తుప్పు ఆగదు.

కూర్చున్న చోటే చేయగలిగే పని ఒకటుంది. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన బండికి ఏటా ఎంఓటీ పరీక్ష (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసేది) చేయిస్తారు కదా, ఆ పాత ఫలితాలు బండి నంబరు కొడితే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితంగా కనిపిస్తాయి. పరీక్ష చేసినవాళ్లు ఏయే ఏడు ఎక్కడ తుప్పు రాశారో చూడండి. రెండు మూడేళ్ల పాటు "సిల్ దగ్గర తుప్పు" (సిల్ అంటే తలుపుల కింద పొడవునా బోలుగా ఉండే రేకు భాగం) అని అడ్వైజరీలు, అంటే ఫెయిల్ చేయకుండా రాసే హెచ్చరికలు, వచ్చి, తర్వాత వెల్డింగ్ బిల్లు ఏదీ లేకుండానే ఆ మాట మాయమైతే అక్కడ పూత కింద వెతకాలి. "అడుగు భాగమంతా అండర్‌సీల్‌తో కప్పి ఉంది" అని కూడా ఒక్కోసారి రాస్తారు. కనిపించలేదు కాబట్టి చూడలేకపోయాం అని దాని అర్థం, బాగుందని కాదు.

తర్వాత బండి కిందికి వెళ్లండి, కానీ జాకీ ఒక్కదాన్ని నమ్మి మాత్రం వెళ్లకండి. సామానుతో కలిపి రెండున్నర టన్నుల దాకా తూగే బండి అది, పైగా టీ4లో ముందు కుళ్లేవాటిలో జాకింగ్ పాయింట్లు (జాకీ ఆనించే చోట్లు) కూడా ఉంటాయి. చక్రాలు ర్యాంపుల మీదికి ఎక్కించండి, లేదంటే గట్టి చోట యాక్సిల్ స్టాండ్లు (బండి బరువు మోసే ఇనుప స్టాండ్లు) పెట్టండి. అంతకంటే మేలు, ఒక గంటకు డబ్బులిచ్చి ఏదైనా గ్యారేజీలో లిఫ్ట్ మీద చూసుకోండి. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా మోగుతుంది, కొన్నిచోట్ల పిడి లోపలికే దిగుతుంది. టీ4లో సిల్స్, వీల్ ఆర్చ్‌ల (చక్రాల పైన కమానులా ఉండే రేకు) అంచులు, ముందు చక్రాల వెనక బురద చేరే మూల, మెట్టు కింద ప్లాస్టిక్ దాచేసిన చోటు, ఇవన్నీ తడిమి చూడండి. సీటు బెల్టులు, సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు బిగించిన చోట్ల నుంచి 30 సెంటీమీటర్ల లోపు రేకు బాగా కుళ్లితే బండి ఎంఓటీలో ఫెయిల్ అవుతుంది. అక్కడ పూతలతో పని జరగదు, కోసి కొత్త రేకు వెల్డ్ చేయించాల్సిందే. బ్రేకు గొట్టాలు కూడా అప్పుడే చూడండి. ఉక్కు గొట్టాల మీద తుప్పు పొక్కులు ఉంటే వ్యాక్స్ కొట్టే ముందే కాపర్-నికెల్ గొట్టాలు వేయించుకోండి, అవి తుప్పు పట్టవు.

వెల్డింగ్ పని ఏముందో అది పూతకు ముందే అయిపోవాలి. వ్యాక్స్ కొట్టిన సిల్ పక్కన వెల్డింగ్ పెడితే మంట అంటుకుంటుంది, క్యాంపర్‌లో గ్యాస్ సిలిండర్, లోపల ఇన్సులేషన్, పరుపులు అన్నీ ఉంటాయి. సిలిండర్ దింపకుండా వెల్డర్ చేతికి బండి ఇవ్వకండి.

ఇక తారా, వ్యాక్సా అన్నది. నా మాట వ్యాక్స్. తారు రకం కొత్తలో బాగానే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగుళ్లిస్తుంది, ఎక్కడో రాయి తగిలి పెచ్చు లేస్తుంది, ఆ సందులోంచి ఉప్పునీళ్లు లోపలికి పోయి పూతకూ రేకుకూ మధ్య నిలిచిపోతాయి, బయటకు వచ్చే దారి ఉండదు. అప్పుడు ఏ పూతా లేని రేకు కంటే పూత ఉన్న రేకే త్వరగా కుళ్లుతుంది. వ్యాక్స్ మెత్తగా ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా పగలదు, చిన్న గీతలు పడితే కొంతవరకు తనే సర్దుకుంటుంది, అరిగిన చోట వచ్చే ఏడు మళ్లీ కొట్టుకోవచ్చు. నన్నడిగితే లోపలి రేకు కనిపించేలా పలచటి రంగు వ్యాక్స్ కొనండి, తుప్పు మళ్లీ మొదలైతే కంటికి ఆనుతుంది.

బ్రిటన్‌లో ఇదింత ముదరడానికి కారణం రోడ్ల మీద చల్లే రాతి ఉప్పు. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గని నుంచి లారీల కొద్దీ వస్తుంది. నీళ్లూ గాలీ ఉంటే ఇనుము ఎలాగూ తుప్పు పడుతుంది, ఉప్పు కలిస్తే ఆ నీటిలో విద్యుత్తు తేలిగ్గా ప్రవహించి పని త్వరగా జరుగుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు: గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనే తడిసిపోతుంది. అంటే వాన లేకపోయినా, రోడ్డు పొడిగా ఉన్నా, ఇంటి ముందు ఆగి ఉన్న మీ వ్యాన్ అడుగున వీల్ ఆర్చ్ పైన బురదలో కలిసిన ఉప్పు రాత్రంతా చెమ్మగానే ఉంటుంది. అందుకే మార్చి, ఏప్రిల్‌లో ఉప్పు చల్లడం ఆగగానే కింద శుభ్రంగా కడిగించడం ఏ పూత డబ్బా కన్నా ముఖ్యమైన పని.

మీకు ఇప్పుడు ఎండలున్న రోజులు మిగిలి ఉంటే ఇలా చేయండి. కింద బురదంతా నీళ్లతో కడిగి, వీల్ ఆర్చ్‌ల పైన చేయి పెట్టి గట్టిపడిన మట్టి లాగేసి, ప్రెషర్ వాషర్‌ను బేరింగుల మీద, రబ్బరు సీళ్ల మీద నేరుగా పెట్టకుండా చూసుకుని, ఆ తర్వాత కొన్ని రోజులు పొడి వాతావరణంలో ఆరనివ్వండి. ఆరడం దగ్గర తొందరపడేవాళ్లే ఎక్కువ. పైన పొడిగా కనిపిస్తుంది కానీ రెండు రేకులు కలిసే అతుకుల్లో నీళ్లు ఉంటాయి, దాని మీద వ్యాక్స్ కొడితే ఆ నీళ్లను లోపల పెట్టి మూసినట్టే. ఊడిపోతున్న పూత ఎక్కడుంటే అక్కడ గీకేయండి. గట్టిగా అంటుకుని, కింద మంచి రేకు ఉన్న పూతను ఊరికే పీకనక్కర్లేదు. తుప్పు పొరలను వైర్ బ్రష్‌తో, గ్రైండర్‌తో రేకు కనిపించేదాకా తీయండి, కళ్లద్దాలూ మాస్కూ లేకుండా మాత్రం వద్దు. గుంటల్లో మిగిలిన సన్నటి తుప్పుకు రస్ట్ కన్వర్టర్ పూస్తే అందులోని టానిక్ ఆమ్లం గానీ ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ దాన్ని గట్టి పదార్థంగా మారుస్తుంది. పెచ్చులుగా లేచే తుప్పు మీద అది పూయడం దండగ, ఆ పెచ్చుతో పాటే రాలిపోతుంది. కన్వర్టర్ ఆరాక దాని మీద ఎపాక్సీ ప్రైమర్, అది పూర్తిగా ఆరాక వ్యాక్స్. చల్లటి రోజైతే డబ్బాను గోరువెచ్చటి నీళ్ల బకెట్లో కాసేపు ఉంచండి, వ్యాక్స్ పలచబడి సందుల్లోకి పోతుంది.

సిల్స్, ఛాసిస్ మెంబర్ల (బండి అడుగున ఉండే బోలు దూలాల) లోపలికి వేరే వ్యాక్స్ కావాలి, బాగా పాకే గుణం ఉన్నది. డైనిట్రాల్ కంపెనీ వ్యాక్సుల్లో 3125 లోపలి ఖాళీలకు, 4941 బయట అడుగుకు. బిల్ట్ హాంబర్ కంపెనీవాటిలో డైనాక్స్ ఎస్-50 లోపలికి, డైనాక్స్ యూబీ బయటికి. ఏది కొన్నా పెద్ద తేడా రాదు, లోపలికి కొట్టారా లేదా అన్నదే తేడా. పొడుగు గొట్టానికి చివర చుట్టూ చిమ్మే నాజిల్ ఉంటుంది, దాన్ని చిల్లులోంచి చివరిదాకా తోసి, నెమ్మదిగా వెనక్కి లాగుతూ కొట్టాలి. పని అయ్యాక కింద నీళ్లు కారే చిల్లులన్నీ తీగ పెట్టి తెరవండి, వ్యాక్స్‌తో మూసుకుపోతే లోపల చేరిన నీళ్లకు దారి లేకుండా పోతుంది.

వ్యాక్స్ తగలకూడని చోట్లు: బ్రేక్ డిస్కులు, క్యాలిపర్లు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు, ఎగ్జాస్ట్ మొత్తం, క్యాటలిటిక్ కన్వర్టర్, రబ్బరు బుష్‌లు. క్యాంపర్ కాబట్టి ఇంకో రెండు చేర్చాలి. డీజిల్ హీటర్ ఉంటే దాని పొగగొట్టం, గాలి పీల్చే గొట్టం కింద ఉంటాయి, వాటిని గుడ్డతో, టేపుతో కప్పి, అయ్యాక గుర్తుపెట్టుకుని తీసేయండి. గ్యాస్ సిలిండర్ పెట్టే అర అడుగున, స్టవ్ దగ్గర నేలలో ఉండే చిల్లులను పొరపాటున కూడా మూయకండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందికే దిగుతుంది, ఆ చిల్లుల్లోంచి బయటకు పోవాలనే వాటిని పెట్టారు. అండర్‌సీల్ కొట్టేవాళ్లకు క్యాంపర్ సంగతి తెలియకపోతే వాటిని మామూలు చిల్లులనుకుని పూసేస్తారు. మీ వ్యాన్‌కు కొత్తగా పూత వేశారు కదా, ముందు ఈ చిల్లులు తెరిచి ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. మిగతావి వచ్చే వారం చూసుకోవచ్చు, ఇది మాత్రం ఆగే పని కాదు.

ప్రశ్న: మా వ్యాన్‌కు ఏటా కింద వ్యాక్స్ కొట్టిస్తున్నాం. అయినా ఈసారి ఎంఓటీలో సిల్ కుళ్లిందన్నారు. బయట పూత చెక్కుచెదరలేదు, రేకు మాత్రం లోపలి నుంచి పోయిందట. చలికాలంలో కూడా పిల్లలతో వ్యాన్‌లోనే పడుకుంటాం, లోపల స్టవ్ ఉంది. తప్పెక్కడ జరిగిందండీ? (రెడింగ్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ వ్యాన్‌లో నీళ్లు కింది నుంచి కాదమ్మా, లోపలి నుంచి వస్తున్నాయి. ఇద్దరు పెద్దవాళ్లు పడుకుంటే ఒక్క రాత్రిలో ఊపిరి, చెమట కలిసి అర లీటరు దాకా నీరు గాలిలో చేరుతుంది, పిల్లలది అదనం. గ్యాస్ స్టవ్ వెలిగిస్తే ఇంకా ఎక్కువ: కిలో గ్యాస్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి ఇన్సులేషన్ వెనక్కి పాకి, చల్లటి బయటి రేకును తాకి నీళ్లై, గోడ లోపలే కిందికి జారి సిల్‌లోకి చేరుతుంది. పెద్ద వానలో తడిసిన బండి రెండు రోజుల్లో ఆరిపోవచ్చు, ఈ నీళ్లు మాత్రం రోజూ కొత్తగా వస్తుంటాయి.

ఇన్సులేషన్ ఎలా వేశారో చూడండి. ఇళ్లల్లో వాడే దూది రకం కుక్కి ఉంటే అది తడి పట్టుకుని వదలదు, దాని పీచులు కిందికి రాలి నీళ్లు కారే చిల్లులను మూసేస్తాయి. తీగతో పొడిచి చూస్తే కొన్నిసార్లు బురద, పీచు కలిసిన ముద్ద బయటకొచ్చి వెనకాలే నీళ్లు కారతాయి. వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చేటప్పుడు నేలలోంచి కిందికి దిగిన స్క్రూలు, నీళ్ల ట్యాంకు బిగించడానికి వేసిన బోల్టుల చిల్లులు కూడా చూడండి. డ్రిల్ వేసిన అంచుకు పెయింట్ పూయకుండా వదిలేస్తే ఆ పచ్చి అంచు నుంచే తుప్పు మొదలై పెయింట్ కిందికి పాకుతుంది.

వెల్డింగ్ అయ్యాక లోపలి వ్యాక్స్ కొట్టించండి. వెల్డ్ చేసినప్పుడు వెనకవైపు పెయింట్ మొత్తం కాలిపోతుంది, అక్కడ ఏ రక్షణా మిగలదు, చాలా గ్యారేజీల్లో బయటివైపు పూసి ఊరుకుంటారు. మీరే అడిగి చేయించుకోవాలి. పడుకునేటప్పుడు పైకప్పు వెంట్ కాస్త తెరిచి ఉంచండి, వండేటప్పుడు కిటికీ తెరవండి, చలేసినా సరే. పిల్లలున్నారు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టుకోండి, ఇది తుప్పు కోసం కాదు.

ప్రశ్న: సర్, మాది విశాఖపట్నం, సాగర్ నగర్ వైపు ఉంటాం. పాత టెంపో ట్రావెలర్ కొని లోపల మంచాలు, చిన్న వంటగట్టు పెట్టించి ఇంటిల్లిపాదీ అరకు, పూరీ తిరుగుతుంటాం. కింద తుప్పు మొదలైంది. మా బాబాయ్ వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయమంటున్నారు, లారీలకు వాళ్లు ఎప్పుడూ అదే చేసేవారట. షెడ్డులో మేస్త్రీ రెడ్ ఆక్సైడ్ కొట్టిస్తే చాలంటున్నాడు. ఇంకొకరు టెఫ్లాన్ కోటింగ్ అన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: బాబాయ్ గారి మాటలో కొంత నిజముంది, నూనె తడిని ఆపుతుంది, వెనకటి రోజుల్లో వేరే ఏదీ దొరక్క అదే పూసేవారు. కానీ వాడేసిన ఆయిల్‌లో ఇంజన్లో కాలిన ఇంధనం వదిలిన ఆమ్లాలు, మసి, లోహపు రజను అన్నీ ఉంటాయి, చర్మానికి చాలా చెడ్డది. సస్పెన్షన్‌లో రబ్బరు బుష్‌లకు తగిలితే అవి ఉబ్బి మెత్తబడతాయి. బ్రేకుల మీద పడితే ప్రాణాలకే ముప్పు. ఒక పెద్ద వానకు సగం రోడ్డు మీదికి, అక్కణ్నుంచి కాలవలోకి పోతుంది. వద్దండీ.

మేస్త్రీ చెప్పిన రెడ్ ఆక్సైడ్ అనేది ప్రైమర్ (పై పూతకు ముందు వేసే కోటు) మాత్రమే. తుప్పు గీకి అది కొట్టి, దాని మీద ఏ పూతా లేకుండా వదిలేస్తే మీ సముద్రపు గాలికి ఎక్కువ కాలం ఆగదు. ఇక టెఫ్లాన్ అనేది పైన పెయింటు మెరుపుకు చేసే పని, అడుగు భాగానికి దానితో సంబంధం లేదు.

లీడ్స్ పాఠకుడికి 75 శాతం తేమ లెక్క చెప్పాను కదా, మీ ఊళ్లో అది ఏడాదిలో ఎన్నో నెలలు దాటే ఉంటుంది. మంచు లేదు, రోడ్డు మీద ఉప్పు చల్లరు, అయినా సముద్రం మీంచి వచ్చే తుంపర ఉప్పును బండి మొత్తానికి పూస్తూనే ఉంటుంది, వీల్ ఆర్చ్ లోపల పేరుకున్నదాన్ని వాన కూడా కడగలేదు. కాబట్టి నెలకోసారైనా సర్వీసింగ్ ర్యాంపు ఎక్కించి కింద కడిగించండి. ఒక్క జాగ్రత్త: సముద్రానికి దగ్గర్లో కొన్ని సర్వీసింగ్ సెంటర్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది. ఆ నీళ్లతో కడిగిస్తే కడిగించకపోవడమే నయం. బీచ్‌లో తడి ఇసుక మీదికి బండి దింపే సరదా ఉంటే మానేయండి.

పూత పని ఎండాకాలంలో, వానలకు ముందు పెట్టుకోండి. తుప్పంతా గీకించి, కుళ్లిన చోట టింకరింగ్ చేయించి, ఎపాక్సీ ప్రైమర్ వేయించండి. బయట అడుగుకు మీ ఎండలకు మెత్తటి వ్యాక్స్ కారుతుంది, ఆరాక గట్టిపడే రకం వ్యాక్స్ గానీ రబ్బరైజ్డ్ అండర్‌బాడీ కోటింగ్ గానీ వేయించండి. పైన తారు రకాన్ని తిట్టి ఇక్కడ రబ్బరైజ్డ్ అంటున్నానేంటి అనుకోవచ్చు. శుభ్రమైన రేకు, దాని మీద మంచి ప్రైమర్, ఆ తర్వాత వేసిన పూత అయితే ఏదైనా బాగానే నిలుస్తుంది, కాకపోతే ఏటా వానలకు ముందొకసారి పెచ్చులు లేచాయేమో చూడాలి. బోలుగా ఉన్న భాగాల లోపలికి మాత్రం వ్యాక్సే కొట్టించండి. కమాను పట్టీల మధ్య ఈ కోటింగ్ కొట్టనివ్వకండి, అవి ఒకదాని మీద ఒకటి జారుతూ కదలాలి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం, పాత ఫోర్డ్ క్యాంపర్ వ్యాన్ ఉంది. బ్యాటరీకి తగిలిస్తే తుప్పు ఆపేస్తుందని ఒక ఎలక్ట్రానిక్ పరికరం అమ్ముతున్నారు. కొనొచ్చా?

జవాబు: కొనకండి. ఓడలకు, భూమిలో పాతిన పైపులకు కరెంటుతో తుప్పు ఆపే పద్ధతి నిజంగానే ఉంది, కానీ అవి పూర్తిగా నీళ్లలోనో తడి మట్టిలోనో మునిగి ఉంటాయి, కరెంటు వలయం ఆ తడి గుండా పూర్తవుతుంది. గాలిలో నిలబడ్డ వ్యాన్‌కు ఆ దారి లేదు. 1990ల్లోనే మీ దేశంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారులను మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ) ఇలాంటి పరికరం అమ్మిన కంపెనీ మీద చర్య తీసుకుంది. ఆ డబ్బుతో చలికాలానికి ముందు లానోలిన్ రకం, అంటే గొర్రె ఉన్ని కొవ్వుతో చేసిన స్ప్రే కొట్టించండి, ఫ్లూయిడ్ ఫిల్మ్ లాంటివి. అది ఆరదు, పాకుతూ ఉంటుంది, తుప్పు మొదలైన పాత బండికి బాగా సరిపోతుంది, కాకపోతే కడుక్కుపోతుంది కాబట్టి ఏటా మళ్లీ కొట్టాలి. కొన్ని రాష్ట్రాల్లో మామూలు ఉప్పుతో పాటు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు కూడా రోడ్ల మీద వాడతారు. అవి మామూలు ఉప్పు కంటే చాలా తక్కువ తేమకే తడిసిపోతాయి. మంచు తుఫాను తర్వాత ఉష్ణోగ్రత సున్నా పైకి వచ్చిన మొదటి రోజున కింద కడిగే కార్ వాష్‌కు తీసుకెళ్లండి.

ప్రశ్న: వ్యాక్స్ కొట్టాక ఎన్నాళ్లకు మళ్లీ చూడాలి? (లెస్టర్)

జవాబు: ఏటా ఒకసారి, ఎంఓటీకి నెల ముందు పెట్టుకుంటే మంచిది, ఏదైనా బయటపడితే వెల్డింగ్‌కు టైమ్ ఉంటుంది, టెన్షన్ ఉండదు. చక్రాలు రాళ్లు చిమ్మే చోట, అంటే వీల్ ఆర్చ్‌లు, వెనక యాక్సిల్ ముందు భాగం, ఏడాదిలోనే అరుగుతుంది. మధ్యలో నేల కింద రెండు మూడేళ్లు ఉంటుంది. మొత్తం మళ్లీ కొట్టనక్కర్లేదు, అరిగినచోట కడిగి, ఆరబెట్టి కొట్టండి. ఫోన్‌లో ప్రతి ఏడూ అవే చోట్ల ఫోటోలు తీసి పెట్టుకోండి. పోయినేటి ఫోటో పక్కన పెట్టి చూస్తే ఏ మచ్చ పెరుగుతోందో తెలిసిపోతుంది, రేపు బండి అమ్మాలన్నా కొనేవాడికి చూపించొచ్చు.